ప్రథమపుట ప్రదాత

పూర్వము మన పల్లెలలో లంకెబిందెల జాడ చెప్పెదనని యొకడును, రాగిని బంగారము చేసెదనని యొకడును తరచుగ దర్శనమిచ్చుచుండెడివారు. ఆ వంశము నిర్మూలమైపోయెనే యని విచారించువారికి ఊరట గలుగునట్లు, ఈ కాలమున "మీ కొట్టుని గూగుల్ ఫస్ట్ పేజీలో పెడతానండి, గ్యారంటీ!" అను మహానుభావుడు ప్రతి బజారునను అవతరించియున్నాడు.

ఈ ప్రథమపుట ప్రదాతకు చంకన ల్యాప్‌టాపు సంచియు, కరములందు రెండు ఫోనులును, నాలుక చివర 'అల్గారిథమ్' అను మాటయు సహజాభరణములు. ఆ మాట పలుకునపుడు మాత్రము స్వరము తగ్గించి వెనుకకు ఒకమారు చూచును. గూగుల్ వారితో తనకు లోపాయికారీ పరిచయము కలదని నోటితో చెప్పడు. చెప్పకయే మనచేత అనుకొనిపించును. మొదటి స్థానమునకు ఎవ్వరును హామీ యీయజాలరని ఆ గూగుల్ వారే వ్రాసి పెట్టియున్నారు గాని, ఆ సంగతి కొట్టువారికి తెలియదు. తెలిసిన ఈయన చెప్పడు.

ఆత్రేయపురములో ఒక పూతరేకుల కొట్టునకు ఈయన చేసిన వైద్యమును నేను కన్నులార చూచితిని. ఆ వెబ్‌సైటు యావత్తును ఒకే రంగుల బొమ్మ: బెల్లపు రేకు ధర, పంచదార రేకు ధర, ఫోను నంబరు, ఊరి పేరు సమస్తమును ఆ బొమ్మలోనే ఇమిడియుండెను. పేజీకి శీర్షిక యుండవలసిన తావున 'హోమ్' అని మాత్రము కలదు. ధరలను, ఊరిని మామూలు అక్షరములలో వ్రాసి, ఆ 'హోమ్' తీసివైచి 'ఆత్రేయపురం పూతరేకులు' అని పెట్టినచో సగము రోగము ఆనాడే కుదురును. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన పేరాయెను, తినగోరువారు ఆ పేరుతోనే కదా వెదకుదురు! కాని పూటలో ముగియు పనికి నెలనెలా రుసుము వసూలగుటెట్లు?

కావున మహాచికిత్స ఆరంభమయ్యెను. పేజీ గర్భమున కీవర్డుల ట్యాగొకటి చేర్చి, అందు "నేతి పూతరేకులు, జీడిపప్పు పూతరేకులు, పెళ్ళి పూతరేకులు, అమెరికాకు పూతరేకులు" అని ఊపిరి సలుపకుండ జపించెను. ర్యాంకుల నిర్ణయమున ఆ ట్యాగును తాము చూడనే చూడమని గూగుల్ 2009లోనే చాటెను. ఆ దండోరా ఈయన వీధివరకు రాలేదు. పిమ్మట తెల్లని నేలపై తెల్లని యక్షరములతో అవే మాటలను మరల కుమ్మరించెను. మనుష్యులకు కనబడవు, యంత్రమునకు కనబడునట. కనబడుట నిజమే, కనబడినదానిని మోసమని పట్టుకొనుటయు నిజమే.

ఇక లింకుల ముచ్చట. ఒక సైటు మరియొక సైటునకిచ్చు లింకును సాక్ష్యముగ నెంచి పెద్దరికమును నిర్ణయించు పద్ధతిని లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అను స్టాన్‌ఫోర్డు విద్యార్థులిరువురు 1998లో లోకమునకు వెల్లడింపగా, సాక్షులున్నచోట కూటసాక్షులు పుట్టుట సహజము గావున, ఆ సంతలో ఈయన టోకు వర్తకుడయ్యెను. మన పూతరేకుల రుచికి సాక్ష్యమిచ్చినవారిలో బట్టతల తైలము సైటొకటి, బోరు మోటారుల సైటొకటి కలవు! ఇట్టి సాక్షులను ఏరివేయుటకే 2012లో పెంగ్విన్ అను సవరణ వచ్చెను గదా యని నేననగా, "అది పాత వెర్షన్ అండి" అని దయతో చిరునవ్వు నవ్వెను.

పటములో కొట్టును చూపించు బిజినెస్ ప్రొఫైలు ఉచితమే. దానికి రుసుము పుచ్చుకొనుటయే గాక, తన ఈమెయిలు పేరిట నమోదు చేసికొనుట ఈ జాతి లక్షణము. కొట్టు కట్టు వేళను మార్చవలెనన్నను యజమాని ఈయన గుమ్మ మెక్కవలసినదే.

నెల తిరిగినంతనే, ఆకుపచ్చ బాణములు మొలిచిన రిపోర్టుతో ప్రదాత వేంచేసి, యజమాని ఫోనునే చేతబుచ్చుకొని, కొట్టు పేరును ఊరి పేరుతో సహా పూర్తిగా కొట్టెను. కొట్టే మొదట వచ్చెను.

"ఆయ్! మనదే మొదటుందండి!" అని యజమాని గద్గదస్వరుడయ్యెను.

లోపల రేకులు చుట్టుచున్న ఇల్లాలు తలయెత్తకయే అడిగెను: "మా కొట్టు పేరు తెలిసినోళ్ళు ఫోనే చేస్తారు కదా, బాబూ. ఉత్తినే 'పూతరేకులు' అని కొట్టి చూపించు."

ప్రదాత ల్యాప్‌టాపు మూసి, సంచి జిప్పు లాగుచు వినయముగ ననెను: "అది హై కాంపిటీషన్ కీవర్డ్ అండి, అమ్మగారూ. దానికి ప్యాకేజీ వేరు."