మంచిపేరు నోము – ఆచరించు విధానం

ఇంటర్ చదివే ఆడపిల్లలకు ఈ నోము విశేష ఫలప్రదం. దీన్ని మనం పట్టనక్కర్లేదు, వీధే పట్టిస్తుంది.

కావలసిన వస్తువులు: బస్టాండు దగ్గర చెరుకురసం బండి ఒకటి, గ్లాసులు రెండు, రెండో గ్లాసు పట్టుకున్న క్లాస్‌మేట్ కుర్రాడు ఒకడు, ఎదురుగా మందుల షాపు మెట్ల మీద ఫోనున్న పెద్దమనిషి ఒకరు. చేతిలో కెమిస్ట్రీ రికార్డు ఉన్నా ఫర్వాలేదు, ఫొటోలో అది పడదు.

కథ (అక్షింతలు చేతిలో పట్టుకుని వినాలి): అనగనగా ఒక ఊళ్లో ఒక పదహారేళ్ల పిల్ల. మధ్యాహ్నం రెండింటికి చెరుకురసం తాగింది. నాలుగింటికి ఆ ఫొటో కాలేజీ గ్రూపులో ఉంది, ఆరింటికి అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఎనిమిదింటికి దుబాయ్‌లో ఉన్న బాబాయి ఫోన్లో. ఒకసారికి ఐదుగురికి మించి ఫార్వర్డ్ చేయకుండా వాట్సాప్ వాడు 2018లో మన దేశంలో హద్దు పెట్టాడు. తోడు కోసం గిన్నె పట్టుకొచ్చే పక్కింటి పిన్నిగారికి ఆ హద్దు లేదు. చెంచాడు తోడు పట్టుకెళ్లింది, దారిలో నాలుగిళ్లలో చెంచాడేసి మాట వేసింది. తెల్లారేసరికి రెండూ గట్టిగా తోడుకున్నాయి.

పొద్దున్నే అమ్మ జడ వేసింది. రోజూ వదులుగా అల్లే చెయ్యి ఆ రోజు కణతలు లాగేలా బిగించింది. ఏమీ అనలేదు. రిబ్బను మాత్రం రెండు ముడులు వేసింది.

నియమాలు:

ఒకటి. తల వంచుకుని నడవాలి. వంచితే ‘తప్పు చేసింది గనకే’ అంటారు, ఎత్తితే ‘ఎంత పొగరో’ అంటారు. కాబట్టి సరిగ్గా నలభై ఐదు డిగ్రీలు. జామెట్రీ బాక్సులో కోణమానిని ఉంది కదా, వాడుకో.

రెండు. ఫోను నాన్నకు సమర్పించాలి. ఎంట్రన్సు మెటీరియలంతా అందులోనే ఉంటుంది గనక చదువు కూడా నైవేద్యంలో కలిసిపోతుంది.

మూడు. అడిగిన ప్రతివాళ్లకూ వివరంగా చెప్పుకోవాలి. ‘చెరుకురసమే తాగామండీ’ అంటే ‘తాగామా? ఎవరెవరు?’ అంటారు. అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టు.

నాలుగు. ప్రాణస్నేహితురాలు ‘మా అమ్మ తిడుతోందే’ అని ముందు బెంచీకి మారిపోతే ఎందుకని అడగరాదు. ఆమెకిష్టమని నీ డబ్బాలో అమ్మ రోజూ వేసే రెండో ఆవకాయ ముక్క ఇక నుంచి నీదే.

ఐదు. ర్యాంకు తెచ్చుకోవాలి. వస్తే వీధంతా మెచ్చుకుంటుంది: ‘ఆ చెరుకురసం పిల్లే, అయినా బాగా చదువుతుంది!’ ఆ ‘అయినా’యే ప్రసాదం. కళ్లకద్దుకుని తీసుకో.

గమనిక: కుర్రాడికి ఈ నోము లేదు. ఆ సాయంత్రమే వాడు క్రికెట్‌కి వెళ్లాడు. ‘మగపిల్లాడు, ఆ వయసంతే’ అని, వాడు ఇంటికొచ్చాక వాళ్లమ్మ పాలు కలిపిచ్చింది. ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా, ఆకు వెళ్లి ముల్లు మీద పడ్డా ఆకుకే నష్టమని సామెత చెప్పి నీకు బుద్ధి గరుపుతారు. ఆ ముల్లు కుర్రాడని వాళ్ల లెక్క. పాపం, వాడూ ఆకే, చిరగని ఆకు. అసలు ముల్లు మందుల షాపు మెట్ల మీద నుంచుని ఫొటో బాగా వచ్చిందో లేదో చూసుకుంటోంది.

ఫలశ్రుతి: పురాణంలో ప్రమాణం కావాలంటే, నిప్పుల్లోంచి నడిచొచ్చిన సీతమ్మకే ఊరి మాట తప్పలేదు. 1963లో ‘లవకుశ’ చూస్తూ మన బామ్మలు ఆమె కోసం కొంగులు తడుపుకున్నారు. ఇంటికొచ్చి అదే కొంగుతో మొహం తుడుచుకుని, అరుగు మీద కూర్చుని, ఎదురింటి పిల్ల ఎన్నింటికి ఇల్లు చేరిందో లెక్కపెట్టారు.

ఉద్యాపన: దీని విధానం ఎక్కడా రాసి లేదు. వేరే ఊళ్లో సీటొచ్చి వెళ్తే ‘పంపించేశారట’ అంటారు. మేనత్త మాత్రం సంబంధం చూద్దామంటుంది. పద్దెనిమిది నిండాలని 2006 నాటి చట్టం అంటే, ‘చూడ్డానికేం, చూసి పెట్టుకుందాం’ అంటుంది.

భక్తి తప్పినా ఫలం తప్పదని నోము కథల చివర చెబుతారు. ఈ ఒక్క నోములో ఎంత భక్తి ఉన్నా ఫలం లేదు. ఎందుకంటే అమ్మాయీ, ఆ పేరు నీ చేతిలోంచి జారిపడలేదు, ఎప్పుడూ ఊరి నోట్లోనే ఉంది. ఊరి నోట్లో ఉన్నదాన్ని నువ్వు ఉపవాసాలుండి కడగలేవు. ఆ అక్షింతలు పక్కన పెట్టు. రికార్డు మీద సంతకానికి శుక్రవారమే ఆఖరు. ఆ ఫొటో చూపించి ఎవరైనా బెదిరిస్తే మాత్రం దాచుకోకు. పద్దెనిమిది నిండని పిల్లల కోసం 1098 ఉంది, ఏ వేళైనా పలుకుతుంది.

ఇక ఇది చదువుతున్న పెద్దలకు ఒకటే నియమం. ఆ ఫొటో మీ ఫోనుకూ వచ్చే ఉంటుంది. ఎవరికీ పంపకండి, తీసేయండి. ఈ నోముకు ఉద్యాపన చేయాల్సింది మీరే.