టోక్యోలో మౌనం, జకార్తాలో కబుర్లు: ఒక లేడీస్ బోగీ ఆత్మకథ

నేను లోకల్ రైలు బోగీని. ఇరవై మీటర్ల పొడవు, స్టెయిన్‌లెస్ స్టీలు ఒళ్లు, పక్కకి నాలుగేసి తలుపులు. రైల్వేవాళ్లు మా జాతిని 205 సిరీస్ అంటారు. మావాళ్లు 1985లో టోక్యో యామనోటె లైను మీద తొలిసారి తిరిగారు. నేను 1989లో సైక్యో లైనుకి వచ్చాను. పది బోగీల రైల్లో నాది కొస స్థానం, డ్రైవరు గది నాలోనే ఉంటుంది. ఆ కొసన ఉండటమే నా బతుకుదారిని తేల్చింది. ఎందుకంటే నేను తిరిగిన టోక్యో, జకార్తా లైన్లు రెండింటిలోనూ ఆడవాళ్లకి ప్రత్యేకించింది కొస బోగీలనే.

నేను పనిలో చేరిన ఏడాదే షింజుకు, షిబుయా స్టేషన్లలో రైలు కదిలే ముందు గంట కొట్టడం మానేసి చిన్న బాణీ వినిపించడం మొదలుపెట్టారు. చెవులకి హాయిగా ఉండేది. ప్లాట్‌ఫారం మీద గీతల వెంట జనం బారులు తీరి, దిగేవాళ్లందరూ దిగాకే ఎక్కేవాళ్లు. తలుపులు మూసుకోకపోతే తెల్ల గ్లవుజుల సిబ్బంది వచ్చి, వీపుల మీద అరచేతులు ఆనించి లోపలికి నెట్టేవాళ్లు. అంత ఇరుకులోనూ ఎవరూ పల్లెత్తు మాట అనరు. ఫోను మోగదు. పేపరు చదివేవాళ్లు దాన్ని నిలువుగా మడిచి, మళ్లీ మడిచి, పక్కవాళ్ల ముఖానికి తగలనంత సన్నగా చేసుకునేవాళ్లు. భుజాన సంచి ముందుకి తగిలించుకునేవాళ్లు, తడి గొడుగుకి పట్టీ బిగించేవాళ్లు. తన వల్ల పక్కమనిషికి ఇబ్బంది కలగకూడదని లక్షలమంది రోజూ తమని తాము కుదించుకోవడం చిన్న సంగతి కాదు. దాన్ని నేను ఇప్పటికీ గౌరవిస్తాను.

అయితే ఆ మౌనంలో భయంకరమైనది కూడా ఒకటి దాగి ఉండేది. ఇకెబుకురో స్టేషనుకీ షింజుకుకీ మధ్య యామనోటె రైలు మూడుచోట్ల ఆగుతుంది, మా రైలు ఆగదు. తలుపు తెరుచుకోని ఆ కాసిని నిమిషాల్లో స్కూలు యూనిఫాం వేసుకున్న ఆడపిల్లల మీద దొంగచేతులు పడేవి. అందరూ నోరు మూసుకున్న చోట ఒక్క పిల్ల గొంతెత్తాలంటే ఎంత గుండెధైర్యం కావాలి! కిటికీకి నుదురు ఆనించి, కళ్లు గట్టిగా మూసుకున్న పిల్లల ఊపిరి నా అద్దం మీద ఆవిరై పేరుకునేది. ఆ అద్దం నాదే. కానీ నాకు అరిచే నోరు లేకపోయింది.

2000 డిసెంబరులో కెయో లైనువాళ్లు రాత్రి పొద్దుపోయాక ఒక బోగీని ఆడవాళ్లకే వదిలిచూశారు. మరుసటి ఏడాది ఆ పద్ధతి మా సైక్యో లైనుకీ వచ్చింది. 2005 నుంచి ఉదయం రద్దీవేళ కూడా అమలైంది. నా కిటికీల మీద గులాబిరంగు కాగితాలు అంటించారు. ఇది చట్టం కాదు, విన్నపం మాత్రమే. మగవాడు ఎక్కితే జరిమానా లేదు. చిన్న మగపిల్లలూ, వికలాంగులూ, వాళ్లకి తోడుగా వచ్చేవాళ్లూ ఎక్కవచ్చు. జనం ఆ విన్నపాన్ని మన్నించారు. అప్పటినుంచి నాలో ఎక్కిన ఆడవాళ్లు భుజాలు వదులుచేసి, తల వెనక్కి వాల్చి నిద్రపోవడం మొదలుపెట్టారు. ఇరవైనాలుగేళ్ల టోక్యో కొలువులో నాకు బాగా గర్వమనిపించింది ఆ నిద్రే.

2011 మార్చి 11 మధ్యాహ్నం 2 గంటల 46 నిమిషాలకి భూమి కదిలింది. నగరంలో రైళ్లన్నీ ఆగిపోయాయి. ఆ రాత్రి టోక్యో జనం బారులుగా కాలినడకన ఇళ్లకి వెళ్లారు. తరువాత నెలల తరబడి కరెంటు పొదుపు కోసం రైళ్లలో, స్టేషన్లలో దీపాలు తగ్గించారు. ఆ మసక వెలుతురులో కూడా బారు తప్పిన మనిషి లేడు.

2013లో మా లైనుకి కొత్త రైళ్లు వచ్చాయి. పాతబడిన బోగీకి తుక్కు కొట్టే మిగులుతుంది కదా అనుకుంటారు. మమ్మల్ని ఆదుకున్నది పట్టాల వెడల్పు. 1872లో జపాన్ తన తొలి రైలుమార్గాన్ని 1067 మిల్లీమీటర్ల గేజితో వేసింది. 1873లో డచ్చివాళ్లు జావాలో బతావియా నుంచి బొగోర్ దాకా అదే గేజితో వేశారు. పైనున్న తీగలో కరెంటు కూడా రెండుచోట్లా 1500 వోల్టుల డీసీయే. మీ దేశం బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు కాబట్టి హైదరాబాదుకి రావడం నాకు రాసిపెట్టి లేదు. సైక్యో లైను నుంచి 180 బోగీలం ఓడలెక్కి జకార్తా తంజుంగ్ ప్రియోక్ రేవులో దిగాం. నా ఆకుపచ్చ చారలు పోయి ఎరుపూ పసుపూ వచ్చాయి. ప్లాట్‌ఫారాలు పల్లంగా ఉన్నచోట దిగడానికి తలుపుల కింద మెట్లు బిగించారు. టోక్యోలో ఎడమ పట్టా మీద పరుగెత్తేదాన్ని, ఇక్కడ కుడి పట్టా.

ఈ నగరం గురించి నాకు ముందుగా చెప్పినవన్నీ చెడ్డ కబుర్లే. రైలు కప్పుల మీద కూర్చుని ప్రయాణం చేస్తారనీ, వాళ్లని ఆపడానికి 2012లో పట్టాల పైన కాంక్రీటు గుండ్లు వేలాడదీశారనీ విన్నాను. అవన్నీ నిజమే. ఆ జనం కొంటెవాళ్లు కావడం వల్ల కప్పెక్కలేదు. లోపల చోటు లేక, ఉన్న రైళ్లు చాలక ఎక్కారు. 2013 జులైలో ఏసీ లేని పాత రైళ్లు ఆపేసి, ఎలక్ట్రానిక్ టికెట్లు పెట్టి, ఛార్జీలు తగ్గించారు. ఇప్పుడు మొదటి 25 కిలోమీటర్లకి 3,000 రూపియాలు, ఆపైన ప్రతి పదికీ 1,000. బోగీలూ, ఛార్జీలూ సరిగా అమరాక కప్పు ఎక్కేవాళ్లు లేకుండా పోయారు. ఇదే క్రమంలో ప్లాట్‌ఫారాల మీది చిల్లర దుకాణాలు కూల్చేశారు. పొట్ట పోయిన ఆ మనుషుల ఊసు ఇప్పుడెవరూ ఎత్తరు, అది నాకు బాధే.

జకార్తా రైళ్లలో 2010 నుంచే మొదటి, చివరి బోగీలు ఆడవాళ్లవి. రోజంతా వాళ్లవే. ఇక్కడ మాట ఆగదు. పసర్ మింగ్గు మార్కెట్లో కూరల ధర, పిల్లల పరీక్షలు, తనా అబాంగ్ బట్టల మార్కెట్లో చేసిన బేరం, అన్నీ నా చెవిన పడతాయి. తల్లి వయసు మనిషిని ‘ఇబూ’ అని, అక్క వయసు పిల్లని ‘మ్బాక్’ అని పిలిచి కొత్తవాళ్లతోనైనా కలిసిపోతారు. లేడీస్ బోగీలో సీటు కోసం తగువులు ఎక్కువనే పేరుంది, అబద్ధం కాదు. మిగతా బోగీల్లో మగవాళ్లెవరో లేచి సీటిస్తారు. ఇక్కడ అందరూ నాలుగింటికే లేచి వంటచేసి వచ్చినవాళ్లే, ఎవరు ఎవరికి ఇవ్వాలి? వెంట మడత స్టూళ్లు తెచ్చుకుంటే నిలబడేవాళ్లకి చోటు పోతుందని వాటిని నిషేధించారు.

రంజాన్ నెల సాయంత్రాలు చూసి తీరాలి. మామూలుగా లోపల తినడం, తాగడం కుదరదు. ఉపవాసం విడిచేవేళ మాత్రం అనుమతిస్తారు. మంగరాయ్ స్టేషను దాటామో లేదో ఒక ఫోన్లో అజాన్ మొదలవుతుంది, వెంటనే పది ఫోన్లలో వినిపిస్తుంది. నిలబడ్డ ఒక పెద్దావిడ పైపట్టీని మోచేత్తో పట్టుకుని, డబ్బా మూత తీసి, ఖర్జూరాలు చుట్టూ అందిస్తుంది. పేరు తెలియనివాళ్లు ఒక్కొక్కటి తీసుకుంటారు. గింజలు మళ్లీ అదే డబ్బా మూతలోకి చేరతాయి.

నేను వచ్చిన కొత్తలోనే, 2013 డిసెంబరు 9న, బింటారో గేటు దగ్గర మరో రైలు పెట్రోలు ట్యాంకరుని గుద్దుకుంది. ముందున్నది లేడీస్ బోగీ. డ్రైవరు గదిలో ఉన్న ముగ్గురు సిబ్బందిలో ఒకతను బోగీలోకి వచ్చి, వెనక్కి పొమ్మని ఆడవాళ్లని హెచ్చరించి, తిరిగి తన చోటికి వెళ్లిపోయాడు. డ్రైవరుతో సహా ఆ ముగ్గురూ చనిపోయారు. కొసన ఉండటమంటే ముందు దెబ్బ తినడం కూడానని ఆ రోజు తెలిసింది.

కరోనా కాలంలో, 2020లో, రైల్లో మాట్లాడవద్దని ఇక్కడా నియమం పెట్టారు. జకార్తా ఆడవాళ్లు పాటించారు. మాస్కుల వెనక కళ్లతో పలకరించుకుంటూ, బొగోర్ దాకా నోరు మెదపకుండా కూర్చున్నారు. జపాను జనం పుట్టుకతో మౌనులు, ఇండోనేషియా జనం పుట్టుకతో వాగుడుకాయలు అనేవాళ్ల మాట నేను నమ్మను. పక్కమనిషికి ఏది మేలో తెలిస్తే ఏ ఊరివాళ్లైనా అది చేస్తారు.

2025లో చైనా నుంచి కొత్త రైళ్లు దిగాయి. పాతవి ఇక దిగుమతి చేసుకోవద్దని ప్రభుత్వం అంతకుముందే అనుకుంది. మావాళ్లు ఇంకా తిరుగుతున్నారు. జకార్తా వస్తే బొగోర్ లైను ఎక్కండి. తయారీ కంపెనీ పేరు జపాను లిపిలో ఉన్న పలక మా గోడల మీద కనబడుతుంది. మగవాళ్లయితే కొస బోగీ మీది గులాబి గుర్తు చూసి రెండో బోగీకి వెళ్లండి. లోపల బ్యాడ్జీ పెట్టుకున్న గర్భిణి కనిపిస్తే, ఆమె అడగకముందే లేచి సీటివ్వండి.