ఊపిరి పీల్చండి, టికెట్ క్లోజ్ చేయండి

మన కంపెనీలకు ఉద్యోగి మనసు మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొచ్చింది. ఒంటి మీద ఎప్పుడూ లేదు కాబట్టి మనసుతో మొదలుపెట్టారనుకోవాలి. మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఎక్కడ చూసినా వెల్‌నెస్సే. ఒకచోట బీన్‌బ్యాగులు, ఇంకోచోట టీటీ బల్ల, మరోచోట నెలకోసారి జుంబా. దొరకనిది ఒకటే: రాజీనామా చేసి వెళ్లిపోయినవాడి సీట్లో కొత్త మనిషి. వాడి పని మాత్రం ఎక్కడికీ పోదు. పక్క సీటువాడి ఒళ్లో వచ్చి కూర్చుంటుంది. దానికి ‘ఎదిగే అవకాశం’ అని పేరు.

శుక్రవారం సాయంత్రం ఐదింటికి ‘ఒత్తిడిని జయించడం ఎలా?’ అని జూమ్‌లో క్లాసు పెడతారు. హాజరు తప్పనిసరి. సరిగ్గా అమెరికాలో క్లయింటు నిద్రలేచి మెయిళ్లు కొట్టే వేళ అది. రెండొందల మంది చేరతారు. కెమెరాలన్నీ ఆఫ్. “కళ్లు మూసుకుని ఊపిరి నిండుగా పీల్చండి” అంటుంది ట్రైనర్ మేడమ్. కళ్లు మూసుకుని కూర్చుంటే టీమ్స్‌లో పేరు పక్కన పచ్చచుక్క పసుపు రంగులోకి మారుతుంది. మారిందంటే “ఉన్నావా?” అని మేనేజర్ నుంచి మెసేజ్. అందుకని మనవాళ్లు ఒక కన్ను మూసి, ఒక చెయ్యి మౌస్ మీద ఆడిస్తూ ధ్యానం చేస్తారు. పతంజలికి తట్టని ఆసనం ఇది. అంతలో ఎవడో మైకు మ్యూట్ చేయడం మరిచిపోతాడు. “ప్రొడక్షన్ పడిపోయిందిరా, ముందు రోల్‌బ్యాక్ చెయ్!” అన్న కేక రెండొందల ఇళ్లలో మోగుతుంది. మేడమ్ చిరునవ్వు చెదరదు. “గుడ్. ఆ ఆలోచనను కూడా అలా వచ్చి వెళ్లిపోనివ్వండి.” చివర్లో ఫీడ్‌బ్యాక్ ఫారం. నింపకపోతే రిమైండర్. రెండో రిమైండర్‌కి మేనేజర్ సీసీలో ఉంటాడు.

ఇదంతా సైన్సేనట. సరే, సైన్సే చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ‘బర్న్‌అవుట్’ను తన జబ్బుల వర్గీకరణ పుస్తకంలో చేర్చింది. చేరుస్తూనే, ఇది జబ్బు కాదు, పనిచేసే చోట పుట్టే పరిస్థితి అని గీత గీసి చెప్పింది. దీర్ఘకాలం పేరుకున్న పని ఒత్తిడిని సరిగా చూసుకోకపోతే వచ్చేది. ఒంట్లో సత్తువ పోవడం, పని మీద విరక్తి, చేతనైన పని కూడా చేతకానట్టు అనిపించడం దాని గుర్తులు. 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పనిభారాన్ని, పని తీరును మార్చమంది. మేనేజర్లకు శిక్షణ ఇవ్వమంది. ఉద్యోగులకు ఒత్తిడిని తట్టుకునే మెళకువలు నేర్పడమూ అందులో ఉంది. మన హెచ్‌ఆర్ వారు పుస్తకమంతా తిప్పి ఆ ఆఖరి ముక్కను పట్టుకున్నారు. ఖర్చు లేనిది అదొక్కటే మరి.

ఇంకో లెక్క కూడా ఉంది. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకు, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో తేల్చాయి. సుదీర్ఘ పనిగంటలు 2016 ఒక్క ఏడాదిలోనే ప్రపంచంలో ఏడు లక్షల 45 వేల మందిని పొట్టనపెట్టుకున్నాయని అంచనా కట్టాయి. ఇది చదివి మన పెద్దలు గుండె పట్టుకుంటారనుకుంటే పొరపాటు. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. ఆ మాట చల్లారకముందే, 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారి వీడియో బయటికొచ్చింది. ఆయన పాట 90 గంటలు. ఆదివారం ఇంట్లో కూర్చుని ఎంతసేపని భార్య ముఖం చూస్తారని కూడా అడిగారు. అవునండీ, చూసి చాలా రోజులైంది కాబట్టే చూడాలనుంది.

ఈ రెండు మాటల మధ్యలోనే, 2024 జులైలో, పుణెలో ఒక పెద్ద అకౌంటింగ్ సంస్థలో చేరిన నాలుగు నెలలకే 26 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. పనిభారమే తన బిడ్డను తినేసిందని తల్లి సంస్థ అధిపతికి ఉత్తరం రాసింది. సంస్థ ఒప్పుకోలేదు. మహారాష్ట్ర కార్మిక శాఖ వెళ్లి తనిఖీ చేస్తే, 2007 నుంచి నడుస్తున్న ఆ ఆఫీసుకు పనిగంటలను కట్టడి చేసే చట్టం కింద రిజిస్ట్రేషనే లేదని తేలింది. అన్నేళ్లూ ఎవరూ తలుపు తట్టి అడగలేదన్నమాట. ఆ రోజుల్లోనే కేంద్ర ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ గారు ఒక కాలేజీ సభలో, ఒత్తిడిని తట్టుకునే ఆత్మబలం ఇంట్లో నేర్పాలని, అది దైవచింతనతోనే వస్తుందని సెలవిచ్చారు. తనిఖీ చేయాల్సిన ఇన్‌స్పెక్టర్ రాకపోయినా, దేవుడు వస్తాడని భరోసా.

అదే ఏడాది డిసెంబరులో నోయిడాలోని ఒక అంకుర సంస్థ, సర్వేలో ‘ఒత్తిడిగా ఉంది’ అని రాసిన ఉద్యోగులందరినీ పీకేసిందని ఒక మెయిల్ ఊరంతా తిరిగింది. దేశమంతా దుమ్మెత్తిపోశాక, అబ్బే, ఎవరినీ తీసేయలేదు, ఒత్తిడి మీద అవగాహన కోసమే ఇలా చేశాం అని సంస్థ చెప్పుకుంది. అబద్ధమైనా అందరూ నమ్మేశారు చూశారూ! ఒక్క ఉద్యోగికైనా “ఛ, కంపెనీలు అలా చేస్తాయా?” అన్న అనుమానం రాలేదు. కార్పొరేట్ రంగం ఇన్నేళ్లుగా సంపాదించుకున్న పరపతి అది.

ప్రభుత్వాలు మాత్రం తక్కువ తిన్నాయా? ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2025 జూన్‌లో రోజువారీ పని పరిమితిని తొమ్మిది గంటల నుంచి పదికి పెంచాలని నిర్ణయించింది. మరుసటి నెలలోనే తెలంగాణ కూడా వాణిజ్య సంస్థలకు పది గంటల జీవో ఇచ్చింది. రాష్ట్రం విడిపోయాక నీళ్ల దగ్గర, ఆస్తుల దగ్గర కుదరని ఏకాభిప్రాయం మన పదో గంట దగ్గర కుదిరింది. వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలి కదా అంటారు. కొండాపూర్ హాస్టల్లో రాత్రి పదకొండింటికి ల్యాప్‌టాప్ ముందున్న కుర్రాణ్ణి అడగండి, ఓవర్‌టైమ్ అనే మాట ఆఖరిసారి ఎక్కడ విన్నావని. వాళ్ల నాన్న ఫ్యాక్టరీ కబుర్లలో విన్నానంటాడు.

కార్పొరేట్ కాలేజీ లెక్చరర్ల గోల వేరు. వేసవిలో ఇల్లిల్లూ తిరిగి అడ్మిషన్లు పట్టుకొస్తేగానీ జీతం చేతికి రాని మనిషి, పరీక్షల ముందు పిల్లలకు ‘టెన్షన్ పడకండి’ అని చెప్పాలి. బ్యాంకులో బీమా పాలసీల టార్గెట్ మోసే ఆఫీసర్‌ది మళ్లీ ఇంకో పురాణం.

ఒత్తిడికి కనీసం జూమ్ క్లాసైనా ఉంది. పనిచేసే చోట మనసుకు తగిలిన గాయానికి అదీ లేదు. 2019 నవంబరు 4న అబ్దుల్లాపూర్‌మెట్‌లో మహిళా తహసీల్దారును ఆమె ఆఫీసు గదిలోనే పెట్రోలు పోసి కాల్చేశారు. కాపాడబోయిన డ్రైవరూ చనిపోయాడు. ఆ మంటలను చూసిన అటెండర్లకు, గుమాస్తాలకు ఆ తర్వాత నిద్ర ఎలా పట్టి ఉంటుంది? కొద్ది రోజులకే కర్నూలు జిల్లా పత్తికొండలో ఒక తహసీల్దారు తన బల్లకూ అర్జీదారులకూ మధ్య తాడు కట్టించుకున్నారని పేపర్లలో ఫొటో వచ్చింది. జనం నవ్వారు. నాకు నవ్వు రాలేదు. రెండు రాష్ట్రాల రెవెన్యూ యంత్రాంగం మొత్తానికి దొరికిన ట్రామా మేనేజ్‌మెంట్ ఆ తాడు ముక్కే.

చేయాల్సిందేమిటో తెలియక కాదు. ఘోరం చూసినవాణ్ణి ఒక పూట కూర్చోబెట్టి ‘జరిగిందంతా కక్కెయ్’ అనే పద్ధతి వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో చెప్పింది. ముందు సెలవివ్వాలి, ఆ గది నుంచి సీటు మార్చాలి, ఏం కావాలో అడగాలి. నెల దాటినా ఆ దృశ్యమే కళ్లముందు ఆడుతుంటే, ఆ గుమ్మం ఎక్కడానికి కాళ్లు రాకపోతే మానసిక వైద్యుడి దగ్గరికి పంపాలి, ఆ ఖర్చు ఆఫీసు పెట్టుకోవాలి. ఇందులో ఏ ఒక్కదానికీ ట్రైనర్ మేడమ్ అక్కర్లేదు. సంతకం పెట్టే అధికారి ఉంటే చాలు. ఆ సంతకమే దొరకదు.

అది దొరికేలోగా మీకోసం ఒక నంబరు: 14416. కేంద్రం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ అది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఫీడ్‌బ్యాక్ ఫారం ఉండదు, మేనేజర్‌కు సీసీ వెళ్లదు. చేయండి.