పెట్టె ఎవరితో మాట్లాడుతోంది?

మానిటర్ తగిలించే చోటే లేని కంప్యూటర్లు కొన్ని ఉంటాయి. అరచేతికంటే కాస్త పెద్ద పెట్టె, వెనక మూడు నెట్ పోర్టులు, పక్కన తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు, అంతే. ఇంటి నెట్‌కి కాపలా పెడదామని అలాంటిదొకటి కొని, అందులోకి ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టం ఎక్కించబోయాను. "నెట్ బాగానే వస్తోంది కదండీ, ఎవరెత్తుకుపోతారని కాపలా?" అంది మా ఆవిడ. ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు మాన్యువల్ రాయడంలో దిట్టలే గానీ, ఈ ప్రశ్న జోలికి పోలేదు.

ఇలాంటి పెట్టె నోరు విప్పేది సీరియల్ తీగ మీదే. ఆర్‌ఎస్-232 అనే ఆ పద్ధతి 1960 నాటిది. నెట్‌వర్క్ పోయినా, కెర్నెల్ కుప్పకూలినా, పోతూ పోతూ చెప్పే ఆఖరి మాట దీని మీదే వస్తుంది కాబట్టి ఎవరూ దీన్ని పాతిపెట్టలేదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో అడిగితే షాపతను "ఇంకా ఇవి వాడుతున్నరా సార్?" అంటూ పై అరలోంచి దుమ్ము దులిపి ఒకటి తీశాడు. తీరా అది స్ట్రెయిట్ కేబుల్. రెండు కంప్యూటర్ల మధ్య అది పెడితే ఇటు పంపే పిన్ను అటు పంపే పిన్నుకే తగులుతుంది. ఇద్దరూ మాట్లాడేవాళ్లే, వినే నాథుడుండడు. రెండో పిన్నూ మూడో పిన్నూ అటూ ఇటూ మార్చిన నల్ మోడెమ్ కేబుల్ కోసం ఇంకో అర దులపాల్సి వచ్చింది.

ఇక వేగం. మా పెట్టె బయాస్ సెకనుకు 1,15,200 బిట్లు పంపుతుంది. ఓపెన్‌బీఎస్‌డీ, వేరే చెప్పకపోతే, 9,600. పన్నెండు రెట్ల తేడా! బయాస్ మాటలు ముత్యాల్లా వస్తాయి, ఆ తర్వాత కన్సోల్ కామ్0కి మారుతోందన్న వాక్యం, ఆ వెంటనే నెత్తిన చుక్కలు పెట్టుకున్న వై అక్షరాలూ తలకిందులైన ప్రశ్నార్థకాలూ. కొత్తవాళ్లు దీనికి హడలిపోతారు. నన్నడిగితే చెత్త రావడం శుభశకునం. తీగ బాగుంది, అవతల ప్రాణం ఉంది, వేగం ఒక్కటే కుదరలేదు.

భయపడాల్సింది నిశ్శబ్దానికి. అందులోనూ రకాలున్నాయి. మొదట్నుంచీ ఏమీ రాకపోతే తీగను అనుమానించాలి. కెర్నెల్ లోడయి, "ఎంట్రీ పాయింట్" అని ఓ సంఖ్య వేసి ఆగిపోయిందా, యంత్రం చావలేదు. అంతవరకూ బయాస్ తెర మీది అక్షరాలను సీరియల్‌కి మళ్లిస్తూ ఎలాగో నెట్టుకొచ్చింది. కెర్నెల్ ఆ సాయం తీసుకోదు. లేని వీజీఏ తెరకు తన కథంతా పూస గుచ్చినట్టు చెబుతూ ఉంటుంది. బూట్.కాన్ఫ్ ఫైల్లో రెండు వరుసలు రాస్తే సరి: ముందు వేగం, తర్వాత కన్సోల్. వరుస తిరగబడితే మళ్లీ చుక్కల వైలే.

అదీ దాటాక, సందేశాలన్నీ బారులు తీరి వచ్చి, చివర తేదీ, టైమూ చెప్పి, లాగిన్ మాత్రం అడగదు. ఈసారి టీటీవైస్ ఫైల్లో టీటీవై00, అంటే మన సీరియల్ పోర్టు, "ఆఫ్" అని ఉంటుంది. బయాస్, బూట్‌లోడర్, కెర్నెల్, లాగిన్ అడిగే గెట్టీ: ఒకరికి చెప్పింది రెండోవారికి చెప్పినట్టు కాదు. పేరంటానికి పిలిచినట్టు ఎవరి గుమ్మంలో వాళ్లకి బొట్టు పెట్టి చెప్పాలి.

లాగిన్ వచ్చింది. పెట్టె అటక మీద, దానికి తగిలించిన పాత ల్యాప్‌టాప్ పక్కన. నేను హాల్లోంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో ఆ ల్యాప్‌టాప్‌లోకి, అక్కణ్ణుంచి సీయూ ప్రోగ్రాంతో పెట్టెలోకి. సీయూలోంచి బయటపడాలంటే టిల్డా, చుక్క కొట్టాలి. ఎస్‌ఎస్‌హెచ్‌ని తెంచడానికీ అవే మీటలు, పైగా ముందు వినేది అదే. కాబట్టి రెండు టిల్డాలు కొట్టాలిరా అని మా అబ్బాయికి చెబుతూండగానే వాడు ఒకటే కొట్టేశాడు.

"నాన్నా, పెట్టె పోయింది!"

"పెట్టె పోలేదురా, మనమే పోయాం" అనేలోగా, వాడు పెరట్లోకి పరిగెత్తి నిచ్చెన ఈడ్చుకొస్తున్నాడు.