గద్దమీద కేసు

కువైట్‌లోని అబ్బాసియాలో శుక్రవారం నాడు ఏ తెలుగు మెస్సులో కూర్చున్నా మజ్జిగా పశువైద్యమూ ఉచితం. రాయచోటి కావచ్చు, రాజంపేట కావచ్చు, రాజోలు కావచ్చు, ఇక్కడ వంట చేసేవాడూ బండి తోలేవాడూ చిన్నప్పుడు గొడ్లు కాసినవాడే. కనక ఆ విషయంలో ఎవడికీ అనుమానాలుండవు. ఈ మధ్య ఆ సభలు ఏకగ్రీవంగా తేల్చింది ఏమిటంటే, కబ్ద్ జాఖూర్లనే పశువుల దొడ్లలోనూ వఫ్రా మజ్రాలనే పొలాల్లోనూ పుట్టిన దూడ పుట్టినట్టే పోవడానికి కారణం గద్దలట. రివ్వున దిగుతుందట, దూడని కాళ్ళతో పట్టుకుంటుందట, ఇరాక్ వైపు లేచిపోతుందట. కళ్ళారా చూసినవాడెవడయ్యా అంటే, చూసినవాడి రూమ్మేటు మొన్ననే సెలవుమీద ఊరికెళ్ళాడు.

హోల్‌స్టీన్ దూడ నేలమీద పడేటప్పటికే 35, 40 కిలోలుంటుంది. వలసకాలంలో కువైట్ మీదుగా పోయే పెద్ద గద్దలు అయిదు కిలోలు తూగితే గొప్ప. తన బరువంత మోయడమే దానికి గగనం. రాబందు ఇంకాస్త బరువైనదే గానీ దాని పాదాలు నడవడానికి పనికొస్తాయి తప్ప దేన్నీ పట్టి లేపడానికి పనికిరావు. అబ్బాసియా నుంచి ఇంటికెళ్ళే మనవాడు పెట్టెలో రెండు కిలోలు ఎక్కువైతే విమానాశ్రయంలో తూకం ముందు కూర్చుని పాలపొడి డబ్బాలు తీసి బయట పెడతాడు. గద్దకి మాత్రం 40 కిలోల అలవెన్సు మన మెస్సే మంజూరు చేసేసింది.

అలాగని పక్షి జాతి మొత్తం సాధువులేం కాదు. ఎద్దు పుండు కాకికి ముద్దని మనవాళ్ళు ఊరికే అనలేదు. గల్ఫ్‌లో తిరిగే ఈ బూడిదమెడ కాకి మన ఊరిదే, ఓడలెక్కి వచ్చి స్థిరపడింది. లేవలేని దూడ కనిపిస్తే పచ్చిబొడ్డు పొడుస్తుంది, కన్ను పొడుస్తుంది. అమెరికాలో నల్లరాబందు ఇంకో మెట్టు పైన. ఆవు ఈనుతుండగానే గుంపుగా దిగి, సగం బయటికొచ్చిన దూడ నాలుకనీ కళ్ళనీ పొడిచిన సంఘటనలు అక్కడి రైతులకి తెలుసు. అయినా ఆ పక్షిని చంపాలంటే ప్రభుత్వం ఇచ్చిన పర్మిట్ ఉండాలి. 1918 నాటి వలసపక్షుల చట్టం అడ్డం. అందుకని వాళ్ళు చచ్చిన రాబందునో దాని బొమ్మనో తలకిందులుగా వేలాడగడతారు, అది చూసి మిగతావి జంకుతాయి. దాంతోపాటు ఈనే ఆవుని ఇంటి దగ్గరికి తోలుకొస్తారు, కుక్కని కాపలా పెడతారు, మాయ పడగానే తీసి పాతేస్తారు. మన మెస్సు పండితులు ఈ మొత్తంలోంచి వేలాడగట్టడం ఒక్కటే నేర్చుకున్నారు. కబ్ద్‌లో ఇప్పుడు పాత సీడీలు వేలాడుతున్నాయి.

పక్షి ముందు వచ్చేది మాయ కోసం. తర్వాత లేవలేనిదాని కోసం. ఆరోగ్యంగా పుట్టి, తల్లి నాకితే గంటలో లేచి తూలుకుంటూ పొదుగు వెతుక్కునే దూడ జోలికి కాకి పోవడం అరుదు. అంటే విచారించాల్సింది దూడ ఎందుకు లేవలేదన్నది. ఆ ప్రశ్న అడిగితే వేలు ఆకాశం నుంచి కిందికి దిగుతుంది కాబట్టి ఎవరూ అడగరు.

ముద్దాయి పక్షి లేకపోతే నేరాలు ఆగుతాయా అన్న పరీక్ష మన దేశంలో ఎప్పుడో జరిగిపోయింది, అదీ ఎవరూ కోరకుండానే. ఆవు ఒళ్ళునొప్పులకి డైక్లోఫెనాక్ సూది వేశాం. ఆ ఆవు చచ్చింది, రాబందు తిన్నది, మూత్రపిండాలు చెడి అదీ చచ్చింది. కారణం ఇదేనని శాస్త్రవేత్త లిండ్సే ఓక్స్ బృందం పాకిస్తాన్‌లో పరిశోధించి 2004లో బయటపెట్టింది. 2006లో మన ప్రభుత్వం పశువులకి ఆ మందు నిషేధించింది. ఈలోగా 1992కీ 2007కీ మధ్య తెల్లవీపు రాబందులు వెయ్యింటికి ఒకటి మిగిలాయి. దూడల్ని చంపేది రాబందే అయితే ఆ లెక్కన 2007 నుంచీ తెలుగునాట దూడలు చావడం మానెయ్యాలి. మానలేదు. కళేబరాలు తినేవాళ్ళు లేక కుక్కలు పెరిగాయి, రోగాలు పెరిగాయి. రాబందులు పోయిన జిల్లాల్లో 2000 నుంచి 2005 దాకా సుమారు 5 లక్షలమంది మనుషులు అదనంగా చనిపోయారని ఇద్దరు ఆర్థికవేత్తలు 2024లో లెక్కగట్టారు. బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్టమీద 2013లో పొడుగుముక్కు రాబందులు కనబడితే అటవీశాఖ పరుగెత్తుకెళ్ళి వాటికి మనుషుల్ని కాపలా పెట్టింది. ముద్దాయికి పోలీసు రక్షణ!

సరే, అసలు దొంగ ఎవరు? ఆవు కడుపులో ఉండగా దూడకి తల్లి నుంచి యాంటీబాడీలు అందవు. అవి ఉండేది ముర్రుపాలలోనే. మొదటి కొద్ది గంటల్లో దూడ బరువులో పదోవంతు, అంటే మూడున్నర లీటర్లో నాలుగు లీటర్లో కడుపులో పడాలి. ఒకరోజు దాటితే ఎన్ని లీటర్లు పోసినా దాని పేగు ఆ రక్షణని లోపలికి రానివ్వదు. ఆ తర్వాత పారుడు, బొడ్డువాపు, జ్వరం వరసకట్టి వస్తాయి. మరి ఆ మూడున్నర లీటర్లు ఎక్కడికి పోతున్నాయి? మన పళ్ళెంలోకి. మిరియాలూ యాలకులూ బెల్లమూ వేసి ఆవిరిమీద ఉడికించి, వాడకట్టంతా పంచి, "అబ్బ, ఏం జున్నండీ" అనిపించుకున్నాం. ఊరినుంచి వచ్చేవాడి పెట్టెలో ఆవకాయ పక్కన గడ్డకట్టిన జున్నుపాల సీసా దొరికితే ఇక్కడ గది గదంతా పండగ. అది తిని మూతి తుడుచుకుంటూనే గద్దల దౌర్జన్యం గురించి మాట్లాడుకుంటాం. దూడ తాగి మిగిలితే జున్ను వండుకోవడంలో తప్పులేదు. మిగిలేదాకా ఆగినవాణ్ణి నాకు చూపించండి.

కోడెదూడ పుట్టిందా, దాని సంగతి చెప్పనే అక్కర్లేదు. పెయ్యయితే రేపు పాలిస్తుంది గనక రెండు గుటకలు దక్కుతాయి. డెయిరీలో కోడెకి లెక్కల పుస్తకంలో ఉండేది ఖర్చు గడి ఒక్కటే. గద్ద వచ్చి తీసుకుపోయిందంటే యజమాని లోపల్లోపల దానికి దణ్ణం పెట్టుకుంటాడేమో. 2025లో సులైబియా డెయిరీల్లో గాలికుంటు చొరబడింది. ఆ వైరస్ లేతదూడల గుండెకే తగులుతుంది, నోట్లో పుండైనా కనపడకుండా దూడ నిలుచున్నది నిలుచున్నట్టే కూలిపోతుంది. అప్పుడు కూడా ఒక మెస్సులో నేను గద్ద పేరే విన్నాను.

పోనీ గద్దమీదే కేసు పెడదాం. ఎవరి దగ్గర పెడతాం? 1962 నుంచీ ఈ దేశం రాజముద్రమీద రెక్కలు చాచి కూర్చున్నది డేగ. ఫిర్యాదు కాగితం పైన కూడా అదే ఉంటుంది. ఇదే గల్ఫ్‌లోని ఎమిరేట్స్ 2002 నుంచి వేటడేగలకి పాస్‌పోర్టులు ఇస్తోంది. డేగ ఎక్కడికెళితే దాని పాస్‌పోర్టు అక్కడికి వెళుతుంది. మజ్రాలో కాపరి పాస్‌పోర్టు మాత్రం కఫీల్, అంటే యజమాని, బీరువా దాటదు. కనీసం ఇంటిపనివాళ్ళ కాగితాలైనా వాళ్ళకి ఇష్టం లేకుండా దగ్గర పెట్టుకోకూడదని 2015 నాటి 68వ చట్టం చెబుతూనే ఉంది. బీరువాలకి చట్టాలు చదివే అలవాటు లేదు.

ఆ కాపరి ఒక్కడే. ఈనే ఆవు నాలుగున్నా నలభైయున్నా ఒక్కడే. ఈనడానికి పగలూ రాత్రీ లేదు. జూలై ఎండలో 48 డిగ్రీల దగ్గర పగలంతా నీళ్ళు తోడి మేత వేసినవాడు రాత్రి రెండింటికి లేచి బొడ్డు కోసి, అయోడిన్ రాసి, ముర్రుపాలు పట్టి, మాయ పాతెయ్యాలి. నిద్రపడితే తెల్లారేసరికి కాకులు చేరతాయి. కఫీల్ అడుగుతాడు. "పక్షి" అంటాడు కాపరి, ఇంకేమంటాడు? ఆ దూడ రేటు అతని జీతంలోంచి కోస్తారు. 2024 జూలైలో మనవాడొకడు కువైట్ ఎడారిలో బాతులకీ కోళ్ళకీ పావురాలకీ కాపలాగా తనని ఒంటరిగా వదిలేశారని ఏడుస్తూ వీడియో పెడితే, మంత్రి నారా లోకేశ్ కలగజేసుకుని ఇంటికి రప్పించారు. ఆ వీడియో చూసి మా మెస్సులో కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళే మర్నాడు గద్దల సంగతి మళ్ళీ ఎత్తుకున్నారు. మనిషి కష్టం ఒకపూట చర్చ, గద్ద మాత్రం ధారావాహిక.

ఇప్పుడు కొత్త సరుకు దిగింది, ప్లాస్టిక్ గుడ్లగూబ. సోలార్ పలకమీద నడుస్తుంది, తల తిప్పుతుంది, కళ్ళు ఎర్రగా వెలుగుతాయి, గంటకోసారి కూస్తుంది. కాకికి దాని గుట్టు తెలుసుకోవడానికి రెండ్రోజులు చాలు. అయినా ఈనే కాలంలో రాత్రిళ్ళకి ఇంకొక మనిషిని పెట్టమంటే ససేమిరా అనే యజమాని దీనికి దీనార్లు తీసి బల్లమీద పెడతాడు. లెక్క సరైనదే. గుడ్లగూబకి ఇకామా, అంటే నివాస అనుమతి, కట్టక్కర్లేదు, టిక్కెట్టు కొననక్కర్లేదు, శుక్రవారం సెలవడగదు, వీడియోలు పెట్టదు. బొడ్డుకి అయోడిన్ రాయమంటేనే కాస్త ఇబ్బంది.