తువ్వాలు మిగిలింది, పాదాలు పోయాయి

సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు. మూడు రోజుల ఉజ్జీవ మహాసభలు. అంశం: క్రీస్తు తగ్గింపు. ముప్పై అడుగుల ఫ్లెక్సీలో ఇరవై అడుగులు వక్తగారే ఆక్రమించారు. సూటు, నల్లకళ్ళద్దాలు, పైకెత్తిన చెయ్యి, వెనకాల ఎగురుతున్న విమానం. పేరుకు ముందు అపొస్తలుడు, ప్రవక్త, బిషప్, డాక్టర్ అన్నీ వరుసకట్టి ఉన్నాయి. అసలు పేరు కోసం రెండో లైను దాకా ఆగాలి. కింద కమిటీ పెద్దల తలకాయలు పాస్‌పోర్టు సైజులో, చందాల క్రమంలో. ఇంతకీ తగ్గించుకున్న ఆ క్రీస్తు ఎక్కడ అని వెతికితే, ఎడమ మూలన, కానుకల క్యూఆర్ కోడ్ పక్కన, బొటనవేలంత కనిపిస్తాడు. అంశానికి ఇంతకన్నా న్యాయం ఎవరు చేయగలరు? తగ్గాల్సింది ఆయనే కనుక ఆయన్నే తగ్గించారు.

ఈ మతం మొదలైన రోజుల్లో పరిస్థితి ఇలా లేదు. అప్పట్లో రక్షకుడు అనేది రాజుల బిరుదు. ఈజిప్టును ఏలిన మొదటి టాలెమీ ఆ బిరుదుతోనే చరిత్రకెక్కాడు. సిలువ ఏమో బానిసలకూ తిరుగుబాటుదార్లకూ వేసే శిక్ష. ఆ రెండింటినీ ఒకే మనిషికి తగిలించి, పైగా ఆయనే దేవుడన్నారు క్రైస్తవులు. పౌలు ఈ సంగతి ఉత్తరం రాసి పంపించింది కూడా ఫిలిప్పీ అనే ఊరికి. రోమా సైనికులు కొలువు చాలించి స్థిరపడిన కాలనీ అది; ఎవరెవరు ఏయే పదవులు వెలగబెట్టారో రాళ్ళ మీద చెక్కించుకునే ఊరు. అలాంటి ఊరివాళ్ళకి ఆయన చెప్పింది ఏమిటంటే, దేవుడితో సమానుడై ఉండి కూడా ఆ హోదాను పట్టుకుని వేలాడకుండా, దాసుడి రూపం తొడుక్కుని, సిలువ దాకా దిగిపోయిన వాడి కథ. ఉత్తరం చదివి ఎంతమంది మొహం మాడ్చుకున్నారో మనం ఊహించుకోవచ్చు.

రోము నవ్వకుండా ఉంటుందా? అక్కడి పాలటైన్ కొండ మీద ఒక పాత గోడ 1857లో బయటపడింది. దాని మీద ఎవడో ఆకతాయి గీకిన బొమ్మ ఉంది. సుమారు క్రీ.శ. 200 నాటిదంటారు. సిలువ మీద గాడిద తల ఉన్న మనిషి, ఎదురుగా చెయ్యెత్తి మొక్కుతున్న ఇంకో మనిషి. అలెక్సామెనోస్ గారు తన దేవుణ్ణి కొలుచుకుంటున్నారహో అని పక్కన గ్రీకులో ఎకసెక్కం. సిలువ వేసిన క్రీస్తు బొమ్మల్లో మనకు దొరికిన అతి పాతవాటిలో ఇదొకటి. అంటే గీసింది భక్తుడు కాదు, వెక్కిరించినవాడు. అయితేనేం, వాడికి విషయం సరిగ్గానే అర్థమైంది: ఈ దేవుడిది బానిస చావు, కాబట్టి మొక్కేవాడూ ఆ కోవలో వాడే. ఇవాళ అలాంటి బొమ్మ గీయడం ఎవరికీ సాధ్యం కాదు. మనోభావాలు దెబ్బతింటాయని కాదు, మన వక్తగారిని చూశాక బానిస అనే ఊహే ఎవడి బుర్రకూ తట్టదు.

శిష్యులు మాత్రం మొదటి నుంచీ మనవాళ్ళే. యాకోబు, యోహాను అనే అన్నదమ్ములు కుడిపక్క ఒకటి, ఎడమపక్క ఒకటి కుర్చీలు అడిగారు. వాళ్ళే నోరు తెరిచి అడిగారని మార్కు రాస్తే, కాదు, వాళ్ళమ్మ తీసుకొచ్చి సిఫారసు చేసిందని మత్తయి రాశాడు. చివరి భోజనం దగ్గర కూడా తమలో ఎవరు గొప్ప అనే తగవు లేచిందని లూకా వాఙ్మూలం. ప్రభురాత్రి భోజనానికి ఎంత వయసో, వేదిక మీద కుర్చీల పోట్లాటకూ అంతే వయసు. ఆ రాత్రే ఆయన పైవస్త్రం తీసి పక్కన పెట్టి, తువ్వాలు నడుముకు చుట్టి, పళ్ళెంలో నీళ్ళు పోసి, వాళ్ళ కాళ్ళు కడిగాడని యోహాను రాశాడు. తనను అప్పగించబోయేవాడి కాళ్ళు కూడా. వాడి కాళ్ళకు నీళ్ళు తగ్గించినట్టు ఎక్కడా రాసి లేదు. మీరూ ఒకరి కాళ్ళు ఒకరు కడగండి అని మరీ చెప్పి వెళ్ళాడు.

చిక్కంతా ఆ చివరి మాటతో వచ్చింది. చెయ్యకపోతే ఆజ్ఞ మీరినట్టు, చేస్తే పరువు పోయినట్టు. దీనికి ఇంగ్లండు కనిపెట్టిన ఉపాయం చూడండి, చేతులెత్తి మొక్కాలి. శుభ శుక్రవారానికి ముందురోజు రాజుగారో రాణిగారో పేదల కాళ్ళు కడగడం అక్కడ ఒకప్పటి ఆచారం. మొదటి ఎలిజబెత్ తన 39వ ఏట 39 మంది పేద స్త్రీల కాళ్ళు కడిగింది. కాకపోతే అంతకుముందే రాజభవనం చాకలి సిబ్బంది సువాసన మూలికలు వేసిన గోరువెచ్చటి నీళ్ళతో ఆ కాళ్ళు ఒకసారి కడిగారు. తర్వాత దానాధికారి కింది ఉద్యోగి ఇంకోసారి కడిగాడు. తర్వాత దానాధికారే స్వయంగా మరోసారి. మూడు సార్లు శుభ్రపడ్డ కాళ్ళ ముందు రాణిగారు తగ్గించుకున్నారు. దాసుడి పని చెయ్యడానికి ముందు ఆ పని దాసులతో చేయించుకునే ఈ తెలివి మామూలుది కాదు.

17వ శతాబ్దం తర్వాత రాజులు ఆ కడుగుడు కూడా వదిలేశారు. ఇప్పుడు సంఘానికి సేవ చేసిన వృద్ధులను పిలిచి, రాజుగారి వయసెంతో అంతమంది మగవాళ్ళకీ అంతమంది ఆడవాళ్ళకీ వెండి నాణేల సంచులు పంచుతారు. అయినా దానాధికారి నడుముకు నారబట్ట తువ్వాలు నేటికీ ఉంటుంది. పెద్దల చేతుల్లో పూలగుత్తులు కూడా ఉంటాయి. పేదల కాళ్ళ వాసన తగలకుండా వెనకటివాళ్ళు పట్టుకున్నవి అవే. ముక్కుకు రక్షణ మిగిలింది, తువ్వాలు మిగిలింది, పాదాలు పోయాయి.

రోము తక్కువ తినలేదు. 590లో పోపు అయిన మొదటి గ్రెగొరీ తనను తాను దేవుని దాసులకు దాసుణ్ణని రాసుకున్నాడు. ఆ బిరుదు నేటికీ పోపులదే. దాసానుదాసుడి తలమీద మూడంతస్తుల కిరీటం పెట్టారు, ఎర్రబట్టల సేవకుల భుజాల మీద కుర్చీలో ఊరేగించారు, వచ్చినవాళ్ళ చేత ఆయన చెప్పు మీది సిలువను ముద్దు పెట్టించారు. దాసుడికి ఇంత వైభవం ఏ యజమాని చేశాడు! న్యాయం చెప్పాలంటే ఆ ఇంట్లోనే సిగ్గుపడ్డవాళ్ళూ ఉన్నారు. పోపు ఆరో పాల్ 1964లో ఆ కిరీటం తీసి బలిపీఠం మీద పెట్టేశాడు. 1975లో తూర్పు సంఘపు ప్రతినిధి మెలిటన్ ముందు హఠాత్తుగా మోకరించి కాళ్ళు ముద్దు పెట్టుకున్నాడు. 2013లో పోపు ఫ్రాన్సిస్ రోములోని బాలనేరస్థుల జైలుకు వెళ్ళి పన్నెండుమంది కాళ్ళు కడిగితే, అందులో ఇద్దరు ఆడపిల్లలు ఉన్నారని సంప్రదాయవాదులు గోల చేశారు. మగవాళ్ళ కాళ్ళే కడగాలని నియమమట. వందల ఏళ్ళు కిరీటం బరువుకు రాని మెడనొప్పి, ఒక ఆడపిల్ల పాదం చూడగానే వచ్చింది. 2016లో నియమమే మార్చాల్సి వచ్చింది.

అదే 2013లో జర్మనీలోని లింబర్గ్ బిషప్ టెబార్ట్స్ ఫాన్ ఎల్స్ట్ నివాసం, కార్యాలయాల ఖర్చు మూడు కోట్ల పది లక్షల యూరోలకు చేరిందని బయటపడింది. ఆయనకు మనతో కూడా చుట్టరికం ఉంది. భారతదేశంలో పేదల పరామర్శకు విమానంలో ఫస్ట్ క్లాసులో వచ్చి, ఆ సంగతి కాదని బుకాయించి, కోర్టు గడప దాకా వెళ్ళాడు. పేదరికాన్ని చూడాలన్నా కాళ్ళు చాపుకోవడానికి చోటుండాలి మరి. అమెరికాలో జెస్సీ డుప్లాంటిస్ అనే ప్రసంగీకుడు ఇంకా నిజాయితీపరుడు. 2018లో అయిదు కోట్ల నలభై లక్షల డాలర్ల జెట్ విమానానికి విశ్వాసుల్ని చందా అడుగుతూ, యేసు ఇవాళ భూమ్మీద ఉంటే గాడిద ఎక్కడని తేల్చేశాడు. రోము గోడ మీద గాడిద తల గీసిన ఆకతాయికి ఇంత ధైర్యం లేదు.

 

మన తెలుగునేలకు వద్దాం. ఇక్కడ ఈ మతం పెద్దఎత్తున పాకింది పాదాలతో పని ఉన్నవాళ్ళ వల్లే. ఒంగోలు ప్రాంతంలో తోలుపని చేసే మాదిగలు ముందు కదిలారు. 1876-78 కరువులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వాళ్ళకు కూలి చూపించాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చెప్పులు కుట్టిన చేతులకు, కాళ్ళు కడిగే దేవుడు ఎవరో వేరే వ్యాఖ్యానం అక్కర్లేకపోయింది. దిగివచ్చి సాయం చేయడంలో కూడా పైమెట్టు ఒకటి ఉంటుందని తేల్చి చెప్పినవాడు వి.ఎస్. అజరయ్య. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో, మిషనరీల త్యాగాలన్నిటికీ దండం పెట్టి, మాకు మీ స్నేహం కావాలని అడిగాడు. హాల్లో చాలామందికి అది రుచించలేదు. రెండేళ్ళకు ఆయనే దోర్నకల్లు బిషప్ అయ్యాడు, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్.

అప్పటి ఆ విశ్వాసుల వారసుల్లో ఇవాళ సంగతేమిటి? పెళ్ళి ప్రకటనలు చూడండి: రెడ్డి క్రిస్టియన్, కమ్మ క్రిస్టియన్. రక్షింపబడి తిరిగి జన్మించారట, కులం మాత్రం మొదటి జన్మదే పట్టుకొచ్చారు. ఒకే వీధిలో మాల గుడి, మాదిగ గుడి ఉన్న ఊళ్ళున్నాయి. రెండింట్లోనూ మైకు పెట్టి దాసుడి రూపం ఎత్తినవాణ్ణే పాడతారు. తగ్గింపును పూజించడం మొదలుపెట్టిన నాటి నుంచి తగ్గాల్సిన పని మనకు తప్పింది. ఆయన తగ్గాడు, మనం స్తోత్రం చెప్పాం, లెక్క చెల్లు.

పవిత్ర గురువారం రాత్రి చాలా గుళ్ళలో పాదాలు కడిగే ఆరాధన కూడా ఉంది. పన్నెండుమందిని ఎవరు ఎంచుతారంటే కమిటీ. ఎవర్ని ఎంచుతారంటే కమిటీని. వాళ్ళు సాయంత్రమే ఇంట్లో సబ్బు పెట్టి తోముకుని, గోళ్ళు తీసుకుని, కొత్త ప్యాంటు మడత నలగకుండా వచ్చి కూర్చుంటారు. ఎలిజబెత్ రాణి దగ్గర మూడు విడతల్లో జరిగిన పని, మన పెద్దలు ఒక్క విడతలో ముగిస్తున్నారు. అయ్యగారు వంగుతారు, కెమెరా సరిగ్గా పడలేదంటే ఇంకోసారి వంగుతారు. పొలంలో పగిలిన మడమ, మిర్చి కోతకు వెళ్ళి నల్లబడ్డ పాదం ఆ వరుసలో ఎప్పుడూ ఉండదు. ఉంటే నీళ్ళు మురికవుతాయి.

సంఘ సభ్యులకు ఒక మనవి. వచ్చే ఏడు ఆ ఆరాధనకు వెళితే దీవెన చెప్పగానే ఇంటికి వచ్చేయకండి. ఆ బేసిన్ ఎత్తి నీళ్ళు పారబోసేది ఎవరు, తడిసిన తువ్వాళ్ళు ఉతికేది ఎవరు, కుర్చీలు సర్ది గుడి ఊడ్చేది ఎవరు, కాసేపు నిలబడి చూడండి. ఆవిడ పేరు కమిటీలో ఎంతమందికి తెలుసో అడగండి. నెలకు ఆవిడ చేతిలో ఎంత పెడుతున్నారో అడగండి. ‘క్రీస్తు తగ్గింపు’ మీద మూడు రోజులు మాట్లాడి వెళ్ళిన వక్తగారి కవర్లో ఎంత పెట్టారో కూడా అడిగి, ఆ రెండు అంకెలూ సంఘం నోటీసు బోర్డు మీద పక్కపక్కన రాయించండి.