ఒంటి గాజు

పేరుకు గాజునే గానీ నా ఒంట్లో గాజు తక్కువ. ఉన్నదంతా లక్క. పైన అతికించిన రాళ్లే గాజు. నా సైజు రెండు ఆరు. అంటే రెండంగుళాల మీద పదహారో వంతులు ఆరు. రూపాయిలో అణాలు పోయి ఎన్నేళ్లయిందో, గాజుల కొలతలో మాత్రం వాటి లెక్క పోలేదు.

నేను పుట్టింది లాడ్ బజార్ దుకాణంలో కాదు, వెనక గల్లీలో ఒక ఇంట్లో, బొగ్గుల కుంపటి పక్కన. అబ్బా లక్కను కాచి, సాగదీసి, గుండ్రంగా తిప్పి అతుకు వేస్తాడు. అది చల్లారేలోగా అమ్మీ రాళ్లు పెట్టాలి. ఒక్కోటీ చేత్తోనే. కూలి జతల లెక్కన. నాకు మూడు వరసల రాళ్లు. రెండో వరసలో ఒకటి ఊడిందని సేఠ్ నన్ను తిప్పి పంపాడు. జత విడిపోయిన గాజును ఎవరు కొంటారు? అలా ఇంటి బిడ్డ చేతికెక్కాను. (ఆ ఇంట్లో మాట ఉర్దూ. నా తెలుగంతా గాజులు బేరమాడే ఆడవాళ్ల నోట నేర్చింది. కొంచెం దురుసుగా ఉంటే ఏమనుకోకండి.)

ఉస్మానియా యూనివర్సిటీలో ఖగోళశాస్త్రం వాళ్లు దుర్భిణులు పెట్టి ఆకాశం చూపిస్తున్నారని బిడ్డ బళ్లో విని వచ్చింది. ఇంటిల్లిపాదీ రావచ్చట. అబ్బా వినీ విననట్టు ఊరుకున్నాడు. టికెట్ లేదనేసరికి చొక్కా తొడుక్కున్నాడు. నయాపూల్ దాటి, కోఠీ, విద్యానగర్ మీదుగా మా ఆటో పోయింది.

మేడ మీద చిమ్మచీకటి. టార్చికి కూడా ఎర్ర కాగితం చుట్టారు. తెల్ల వెలుతురు పడితే చీకటికి అలవాటుపడిన కన్ను చెదురుతుందట. నాకు చిరాకేసింది. లాడ్ బజార్‌లో సాయంత్రమైతే పట్టపగల్లా దీపాలు వేస్తారు, అవి లేకపోతే మా బతుకే లేదు. అలాంటి దీపాలే ఊరి మీది చుక్కల్ని మింగేస్తాయని ఆ రాత్రే తెలిసింది. 1968లో యూనివర్సిటీ తన 48 అంగుళాల దుర్భిణిని ఊరికి దూరంగా రంగాపూర్ దగ్గర పెట్టుకుంది. మా మెరుపుకి భయపడే అనుకోవాలి.

వరసలో బిడ్డ చంద్రుడి గుంటలు చూసి అరిచింది. అమ్మీ వంతు వచ్చేసరికి దుర్భిణిని పిల్లలకోడి వైపు తిప్పారు. కృత్తికలన్నమాట. "మామూలు కంటికి ఆరు కనిపిస్తాయమ్మా, ఇందులో చూడండి" అన్నాడు దుర్భిణి దగ్గరున్న సారు. అమ్మీ కన్ను పెట్టింది, తీయదు. వెనక జనం గొణుగుతున్నారు. పెదాలు కదుపుతోంది. నాకు తెలుసు ఆ కదలిక, జత పూర్తయ్యాక రాళ్లు సరిచూసుకునే లెక్క అది.

"నలభై ఒకటి," అంది చివరికి. "ఒకటి సరిగా అతకలేదు. వణుకుతోంది."

సారుకి నవ్వొచ్చింది. మీదెక్కడమ్మా అని అడిగాడు. చార్మినార్ అనగానే, అయితే ఇది మీ పాత బస్తీ కథే అంటూ మొదలుపెట్టాడు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ గ్రబ్ కంపెనీ చేసిన 15 అంగుళాల దుర్భిణి తెప్పించి, ఫిసల్‌బండలో అబ్జర్వేటరీ పెట్టాడు. 1907లో ఆయన పోయాక నిజాం ప్రభుత్వం తీసుకుంది, బేగంపేటకు మార్చింది. 1919లో అది యూనివర్సిటీ చేతికి వచ్చింది. ఆ కాలంలో ఇత్తడి యంత్రాలు నల్లబడకుండా లక్క వార్నిష్ పూసేవాళ్లు. అంటే దుర్భిణులు మాకు చుట్టాలే. ఈ చివరి మాట సారుది కాదు, నాది.

సారు కథ ఇంకా ఉంది. ఆకాశాన్ని పట్టీలుగా పంచుకుని ఫొటోలు తీయాలని 1887లో పారిస్‌లో అనుకున్నారట. దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ చివరికి హైదరాబాద్ వాటాకొచ్చింది. ఫొటోలు తీసింది గాజు పలకల మీద. (చూశారా, గాజే!) ఒక్కో పలకనీ సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఒక్కో చుక్కకీ అడ్డం ఎంత, నిలువు ఎంత అని కొలిచి రాసుకోవాలి. 1914 నుంచి 1929 దాకా అలా కొలిచినవి లక్షల్లో.

అబ్బా "అరె వా" అన్నాడు. అమ్మీ మాత్రం కాసేపు ఆలోచించింది.

"సారూ, ఒక్కోదానికి ఎంతిచ్చారు?"

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. సారు నవ్వలేదు. తల గోక్కుని, "నేనెక్కడా చదవలేదమ్మా" అన్నాడు. అమ్మీ తలూపింది. లెక్క తేలని బేరం దగ్గర ఆమె ఎప్పుడూ అలాగే తలూపుతుంది.

ఇంటికి చేరేసరికి పదిన్నర. పెళ్లిళ్ల రోజులు. పొద్దున్నే సేఠ్‌కి ఇవ్వాల్సిన జతలు ఇంకా పన్నెండు మిగిలే ఉన్నాయి. అబ్బా కుంపటి రాజేశాడు. బిడ్డ నన్ను తీయకుండానే పడుకుంది. అమ్మీ గచ్చు మీద చాప పరిచి, రాళ్ల డబ్బా ముందుకు లాక్కుని, బల్బు వేసింది.